అమ్మమ్మకు అమ్మమ్మ పుట్టింటి పేరు

ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన, వెల్లింగ్టన్ విగ్రహం వెనకాల ఉంటుంది జనరల్ రిజిస్టర్ హౌస్. కాగితాలు భద్రపరచడానికే రాబర్ట్ ఆడమ్ నమూనా గీసిన భవనం, 1774లో పునాదిరాయి వేశారు. మా వియ్యపురాలు స్కాట్లాండ్ మనిషి. వాళ్ల అమ్మమ్మకు అమ్మమ్మ డండీలో మిల్లు కూలీ అని తప్ప ఇంట్లో ఎవరికీ ఇంకేమీ తెలియదు. మా మనవరాలికి ఆవిడా పూర్వీకురాలే కదా అని నేనూ వెంట వెళ్లాను.

అసలు పుస్తకాలు పక్కనున్న న్యూ రిజిస్టర్ హౌస్‌లో అంతస్తులకొద్దీ ఉన్నాయి. పుట్టుకలకు ఎర్ర అట్ట, పెళ్లిళ్లకు ఆకుపచ్చ, చావులకు నలుపు. మనకు కంప్యూటర్ మీద వాటి ఫొటోలు చూపిస్తారు.

స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్లి, చావు తప్పనిసరిగా ప్రభుత్వం దగ్గర రాయించాలి. మా అదృష్టం, మేం వెతుకుతున్న ఆవిడకు ఆ ఏడే కూతురు పుట్టింది. ఆ మొదటి ఏడు వాళ్లు అడగనిదంటూ లేదు: తల్లిదండ్రుల వయసులు, పుట్టిన ఊళ్లు, పెళ్లెప్పుడు, ఎక్కడ, అంతకుముందు పిల్లలెందరు. అన్ని వివరాలు రాయడం తలకు మించిన పనైంది, మరుసటి ఏడాదే కుదించేశారు.

తెర మీద పేజీ తెరుచుకుంది. తల్లి వయసు 32. పిల్లల గడిలో ఒక అబ్బాయి ఉన్నాడని, ఇద్దరు అమ్మాయిలు పోయారని రాసి ఉంది. కింద సంతకం చోట రెండు అడ్డగీతలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆవిడ నిశానీ అది. చుట్టూ రిజిస్ట్రార్ దస్తూరీ వాలుగా, వరసగా సాగిపోతుంటే ఆ నిశానీ దగ్గర మాత్రం సిరా బాగా ఒత్తుగా దిగింది. వియ్యపురాలు చాలాసేపు పేజీ మార్చలేదు.

పెళ్లయినా ఆడవాళ్ల పుట్టింటి పేరు ఈ పుస్తకాల్లో పోదు. చావు నమోదులో సైతం తండ్రి పేరుతోపాటు తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు ఉంటాయి. మా ఇంట్లో ఉన్న వంశవృక్షం నిండా మగవాళ్లే, వాళ్లను కన్నవాళ్లు ఏ ఇంటి ఆడపడుచులో ఎక్కడా లేదు. చదువురాని మిల్లు కూలీ పుట్టింటి పేరు ఇక్కడ ఇంత పదిలంగా ఉండటం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

ఆవిడ చావు నమోదులో తల్లి పేరు దొరికింది. 1851 జనాభా లెక్కల్లో ఆవిడ పుట్టిన పారిష్ పెర్త్‌షైర్‌లోదని తేలింది. అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళ్లాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిలో కొన్ని చాలా పాతవి, ఎర్రోల్ పారిష్ పుస్తకమైతే 1553 నుంచీ ఉంది. మేం వెతికే పారిష్‌లో ఆవిడ 1823 నాటి బాప్తిస్మం దొరికింది కానీ, ఆవిడ తల్లిది దొరకలేదు. ఆమె 1790 ప్రాంతంలో పుట్టి ఉండాలి. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను వేశారు. నిరుపేదలకు మినహాయింపు ఉన్నా, చాలామంది పిల్లల్ని రాయించడమే మానేశారు.

ఇంకో దారి ఉంది. చర్చి పెద్దల సభ పుస్తకాల్లో తప్పు చేశారన్నవాళ్ల విచారణలే కాదు, బీదలకు పంచిన డబ్బు పద్దులూ ఉంటాయి. రిజిస్టర్‌కు ఎక్కని కుటుంబం సాయం పుచ్చుకున్నప్పుడైనా అక్కడ కనిపించవచ్చు. వియ్యపురాలు ఆ పారిష్ సంపుటం తెరిచింది. 1790 నుంచి ఒక్కో పద్దూ చదవడం మొదలుపెట్టాం.