ఒక్కరే దించగలిగే తెరచాప

కెనరీ దీవుల నుంచి కరీబియన్ దాకా వాణిజ్య పవనాలు చాలావరకు వెనక నుంచే. ఆ దారికి మా 40 అడుగుల కాటమరాన్‌కి (తమిళ కట్టుమరమే, పేరు మారి తిరిగొచ్చింది) తక్కువ గాలిలో వాడే తెరచాప ఏది కొనాలని నేనూ మా ఆవిడా నెల్లాళ్లు వాదించుకున్నాం.

నాకు కోడ్ జీరో మీద మోజు. కానీ అది పక్కగాలికి. గాలి సరిగ్గా వెనకుంటే వాలిపోతుంది. స్పినేకర్ అయితే, పడవ వెడల్పు కాబట్టి, రెండు ముక్కులకీ చెరో మూల కట్టేయొచ్చు, కర్రతో పన్లేదు.

భయం వేరే. 18 నాట్స్ గాలిలో 8 నాట్స్ వేగంతో పోతుంటే ఒంటికి తగిలేది 10. మామూలు పడవ ఒరిగి హెచ్చరిస్తుంది. ఇది ఒరగదు, లాగ్ ఫైల్ లేని ప్రోగ్రాం!

"రాత్రి రెండింటికి నువ్వు నిద్రలో ఉంటే, నేనొక్కదాన్నే దించగలనా?" అంది తను. బ్రోషర్లలో ఆ కాలమ్ లేదు. 120 చదరపు మీటర్లది వదిలేసి, 90ది ఆర్డరిచ్చాం.