ఆలస్యముగా పడిన గేరు

కారు మరమ్మతు గురించి సంఘ పత్రికలో వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

నేను తిరుమలాయపాలెం మండలంలో చాలా ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడను. ఎడమ మోకాలు అరిగి క్లచ్ తొక్కలేకపోతున్నానని, హైదరాబాదులో ఉన్న మా పెద్దబ్బాయి తన పాత ఆటోమేటిక్ కారు నాకిచ్చాడు. ఆరాధనకు, ఖమ్మం ఆసుపత్రికి, ఎవరైనా జబ్బుపడితే వారింట ప్రార్థనకు అదే మాకు ఆధారమైంది.

కొన్నాళ్ళకు దానికొక జబ్బు పట్టుకుంది. పొద్దున స్టార్టు చేసి లివరు 'డి'లో పెడితే కదలదు. రెండు మూడు సెకన్లు ఊరకే నిలబడి, తరువాత ఎవరో వెనుకనుండి తన్నినట్టు కుదుపుతో కదులుతుంది. నేను కనిపెట్టిన ఉపాయం, ఆగకుండా యాక్సిలరేటరు నొక్కడం. ఆ రోజుల్లోనే మా ఇంటావిడ, "ఏమండీ, కారు కింద ఎర్రగా చుక్కలు పడుతున్నాయి, చూశారా?" అని అడిగింది. "ఏ.సి. నీళ్ళులే" అన్నాను. ఏ.సి. నీళ్ళకు రంగుండదని తెలియనివాడను కాను. వంగి చూడటానికి బద్ధకం.

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత చర్చి ఆవరణలో కారు వెనక్కు తీయబోయాను. 'ఆర్'లో పెట్టాను. కదలలేదు. అలవాటు ప్రకారం యాక్సిలరేటరు నొక్కాను. అంతే, బండి ఒక్కసారిగా వెనక్కు దూకింది. ఆడవాళ్ళ కేకలు విని బ్రేకు తొక్కాను. దిగి చూస్తే, సండేస్కూలుకు వచ్చే ఒక చిన్న పాప ఊడిన చెప్పు వేసుకోవడానికి వంగి ఉంది. బంపరుకూ ఆ బిడ్డ తలకూ మధ్య జానెడు సందు మాత్రమే ఉంది. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకొని, "ఏం కాలేదులే సారూ" అని నన్నే ఓదార్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పట్టణంలో ఒక వర్క్‌షాపుకు ఫోను చేస్తే, గేరుబాక్సు మొత్తం విప్పాలన్నారు. ఆ ఖర్చు నా వల్ల అయ్యేది కాదు. చివరికి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న మెకానిక్కుకు కబురు చేశాను. అతడు వచ్చి, "సార్, విప్పేముందు రెండు మాటలడుగుతా. 'డి'లోనే ఆలస్యమా, 'ఆర్'లో కూడానా? చల్లగున్నప్పుడా, వేడెక్కినాక కూడానా?" అన్నాడు. రెండింటిలోనూ ఉంది, పొద్దున మరీ ఎక్కువ అని చెప్పాను. "ఒక్క గేరులోనే ఉంటే ఆ గేరు క్లచ్ సీళ్ళు పోయాయేమో అనుకోవచ్చు. రెండింటిలోనూ ఉంటే ముందు ఆయిలు చూడాలి" అన్నాడు.

ఈ రకం గేరుబాక్సులో పని చేసేది ఆయిలు ఒత్తిడే. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అమెరికాలో ఇవి పెద్ద ఎత్తున వచ్చాయి. ఇంజను తిరుగుతుంటే లోపలి పంపు ఏ.టి.ఎఫ్. అనే ఆయిలును తోస్తుంది, ఆ ఒత్తిడితో క్లచ్ ప్లేట్లు బిగుసుకొని గేరు పడుతుంది. ఆయిలు తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి ఆలస్యముగా వస్తుంది. (2014లో సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏ.ఎం.టి. వేరు. దానిలో మామూలు క్లచ్చే ఉంటుంది, దాన్ని యంత్రమే నొక్కుతుంది.)

అతడు కారును చదునైన చోట పెట్టించి, ఇంజను వేడెక్కనిచ్చి, బ్రేకు తొక్కించి లివరును అన్ని గేర్లలోకీ త్రిప్పించి 'పి'కి తెచ్చాడు. ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ ముంచాడు. కొన్ని కార్లలో ఇంజను ఆపి చూడాలి, కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. అందుచేత కారుతో ఇచ్చిన పుస్తకం చదవాలి. మా కారులో ఆయిలు కింది గీతకు కూడా అందలేదు. ఎర్రగా ఉండవలసినది గోధుమరంగుకు తిరిగింది. అయితే మాడిన వాసన లేదు. "వాసన ఉంటే ప్లేట్లు కాలినట్టు సార్. దేవుడు కాపాడాడు" అన్నాడు.

రేడియేటరు దగ్గర ఆయిలు గొట్టం పగిలి కారుతున్నది. దాన్ని మార్చి, కింది పళ్ళెం విప్పి, ఫిల్టరు, గాస్కెట్టు కొత్తవి వేశాడు. పళ్ళెంలోని అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పొడి మాత్రమే ఉంది, ఇనుప ముక్కలు లేవు. పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే, గీత దాటకుండా పోశాడు. ఎక్కువైనా నురగ కట్టి అదే జబ్బు వస్తుందట. ఆ సాయంత్రం 'డి'లో పెట్టగానే బండి మెల్లగా, కుదుపు లేకుండా కదిలింది.

డబ్బు ఇస్తుండగా అతడు నవ్వి, "సార్, నేను జవాబు లేటుగా చెప్తానని బెంచీ ఎక్కించేవారు, గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. ఆ కుర్రవాడు అనేక దినాలు ఖాళీ కడుపుతో బడికి వచ్చేవాడని నాకు ఎంతో కాలం తరువాత తెలిసింది. అప్పుడు కూడా నేను వంగి చూడలేదు, గట్టిగా నొక్కాను. అతనిని క్షమించమని అడిగాను. "అయ్యో, అదేం మాట సార్" అన్నాడు, కాని అతని కళ్ళు చెమర్చాయి.

ప్రియులారా, బండిగాని, బిడ్డగాని, ఇంటి ఇల్లాలుగాని ఆలస్యము చేస్తే అది మొండితనమని వెంటనే తీర్పు తీర్చవద్దు. లోపల ఏది తక్కువైనదో ముందు చూడండి. పదిమంది కన్యకల ఉపమానములో కూడా అయిదుగురి దగ్గర తగ్గినది నూనెయే గదా. మీ బండి గేరు ఆలస్యమైతే యాక్సిలరేటరు మాత్రం నొక్కకండి, బ్రేకు మీద కాలుంచండి. ఎర్రచుక్క కనబడితే ఆ దినమే వంగి చూడండి.

ఆ పాపను కాపాడిన ప్రభువునకే మహిమ కలుగును గాక. ఆమేన్.