తాలుకాయ ఎవరు చూపిస్తారు?

గుంటూరు మిర్చి యార్డులో కమీషను దుకాణానికి గుమస్తాగా చేరే కుర్రవాడికి ఎవరూ పాఠం చెప్పరు. పాత గుమస్తా పక్కన నిలబడతాడు, అంతే. ఆయన టిక్కీలో చేయి పెట్టి నాలుగు కాయలు తీసి, విరిచి, వాసన చూసి, ఇంకో టిక్కీ దగ్గరకు నడుస్తాడు. కుర్రవాడూ వెనకాలే నడుస్తాడు. తేజకూ 334కూ తేడా, బాగా ఎండిన కాయ చేసే గలగల, నెమ్ము దిగని కాయ మెత్తదనం, రంగుపోయి తెల్లబారిన తాలుకాయ, ఇవన్నీ ఒక సీజను తిరిగేసరికి చేతికి వచ్చేస్తాయి. పత్తి సంగతీ అంతే. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుందనీ, 12 దాటితే భారత పత్తి సంస్థ కొనదనీ కాగితం మీద రాసి ఉంటుంది. గుప్పెడు దూదిని పిడికిట బిగించి వదిలి, ఇది తడి సరుకని చెప్పే విద్య మాత్రం ఏ కాగితం మీదా లేదు.

నేను 2020 లాక్‌డౌనులో చిలకలూరిపేట దగ్గరి మా ఊరికి వచ్చి, ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. నేను పనిచేసే సంస్థ శీతల గిడ్డంగులకూ కమీషను దుకాణాలకూ సాఫ్ట్‌వేరు తయారుచేస్తుంది. దానికి ఆఫీసంటూ లేదు. ఎవరి ఊళ్ళో వారు, ఎవరి గదిలో వారు. కొత్తగా చేరే ప్రాడక్ట్ డిజైనర్లకు పని నేర్పే బాధ్యత కొంతకాలంగా నాది. తెరమీద ఏది ఎక్కడ ఉండాలో, దేన్ని నొక్కితే ఏం జరగాలో నిర్ణయించేవారు డిజైనర్లు. మా పెదనాన్న దృష్టిలో మాత్రం నేను ఫోనులో బొమ్మలు వేసేవాణ్ణి. అది పూర్తిగా అబద్ధమని చెప్పలేను.

ఈ కొలువులో చిక్కల్లా ఒకటే: నిలబడడానికి పక్క అనేది లేదు. దానికి మందుగా అందరూ పత్రాలు రాస్తారు. గిట్‌ల్యాబ్ అనే సంస్థ తన పద్ధతులన్నిటినీ వేల పుటల చేతిపుస్తకంగా రాసి, లోకమంతా చదువుకునేలా జాలంలో పెట్టింది. మేమూ ఓ వంద పుటలు రాసుకున్నాము. కొత్తవారు చదువుతారు, చదివినట్టు బొటనవేలి గుర్తు పెడతారు. ఎదురుగా ఉన్న మనిషికి అర్థం కాకపోతే ముఖం చెబుతుంది. దూరాన ఉన్న మనిషి మౌనం మాత్రం అంగీకారంలాగే కనబడుతుంది. అలా మౌనంగా ఉండి మూడు నెలలు తిరక్కుండానే ఇద్దరు వెళ్ళిపోయారు. వారిలో ఒకరు వెళుతూ, తనకు తెలియనిదేమిటో తనకే తెలియదనీ, దాన్ని ఎవరిని ఏమని అడగాలో బోధపడలేదనీ రాశారు. ఆ ఉత్తరం చదివాక వంద పుటల మీద నాకున్న నమ్మకం సగమైంది.

మీలో చాలామంది టపాలు వర్డ్‌ప్రెస్.కామ్ గూటిలోనే ఉన్నాయి కదా. ఆ గూడు కట్టిన ఆటోమాటిక్ సంస్థ 2005లో మొదలైంది. అందులో ఉద్యోగులు లోకంలో ఎక్కడివారు అక్కడే ఉండి పనిచేస్తారు. ఏ ఉద్యోగంలో చేరినా సరే, మొదట కొన్నాళ్ళు వాడుకరుల సందేహాలకు జవాబులు చెప్పాలన్నది వారి ఆనవాయితీ. స్కాట్ బెర్కన్ అనే రచయిత అక్కడ కొంతకాలం పనిచేసి 2013లో ఒక పుస్తకం రాశాడు. ఆయనా అలాగే మొదలుపెట్టాడు. నాకది గుమస్తా పక్కన నిలబడడంలాగే తోచింది. మా సంస్థలో అడిగాను: రెండు వారాలు కొత్త డిజైనరు ఒక్క గీత కూడా గీయకుండా, మాకు వచ్చే ఫోన్లు వింటూ కూర్చోవాలని. పని చేయనిదానికి జీతమా అన్నారు. వాదించాను. చివరికి, ఒక్కరితో చేసి చూడమన్నారు. అంటే ఆ ఒక్కరూ నెగ్గకపోతే వారి ఉద్యోగంతో పాటు ఈ పద్ధతీ పోతుంది.

ఆ ఒక్కరు 2023లో చేరిన హోసూరు అమ్మాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మొదట ఒకటో తరగతికి, ఆపైన ఏటా ఒక్కో తరగతికీ. ఆ తొలి జట్టులోని పిల్ల ఈమె. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, అక్షరం మాత్రం చదవలేదు. తాలు అంటే ఆమెకు తెలిసింది వడ్లలో తాలే; మిరపకాయల్లోనూ ఉంటుందా అన్నా అని మొదటి రోజే అడిగింది. అడిగింది కదా, నాకు ప్రాణం లేచివచ్చింది.

వినికిడిలో రెండోవారం, వినుకొండ వైపు నుంచి ఒక రైతు ఫోను చేశాడు. మా యాప్‌లో పట్టీ వచ్చిందట, చేతికొచ్చే డబ్బు లెక్కకు తేలడం లేదట. ఆయనకు చదువు రాదు. పక్కన బడికెళ్ళే మనవరాలు చదివి వినిపిస్తోంది. అప్పటి మా పట్టీలో మొత్తం సొమ్ము పెద్ద అంకెలతో అందంగా ఉండేది. కోతలన్నీ ‘వివరాలు’ అనే మాట వెనక దాగి ఉండేవి. తెర శుభ్రంగా ఉండాలన్నది మా వృత్తిలో వేదవాక్కు. ముసలాయన మాత్రం వరసగా అడుగుతున్నాడు: ఎన్ని టిక్కీలు రాశారు? తూకమెంత? క్వింటా ఎంతకు పోయింది? కమీషనెంత? హమాలీ ఎంత? కాటాకూలి ఎంత? మనవరాలు ఒక్కో ప్రశ్నకూ తెరమీద వెతుక్కుంటోంది.

మూడోవారం ఆ అమ్మాయి గీసిన మొదటి తెరలో దాపరికం లేదు. ఆయన అడిగిన వరసలోనే ఒకదాని కింద ఒకటి, ప్రతి కోతా దాని పేరుతో, చివర చేతికొచ్చేది. చూడడానికి పాత చిట్టాపద్దులా ఉంది. తనకూ చదవడం రాదు గనుక, అక్షరం తెలియనివారు వరసనూ అంకెలనూ పట్టుకుని ఎలా పోల్చుకుంటారో తన మీదే పరీక్షించుకుందట. ఇది అందంగా లేదని మాలో ఒకరిద్దరు పెదవి విరిచారు. అందం సంగతి నాకూ తెలుసు. కానీ అమ్మిన సరుకులో ఎంత కోశారో రైతు వెతుక్కోవలసి రావడం శుభ్రత అనిపించుకోదు. ఆ తెర నిలిచింది. ఆమె ఉద్యోగమూ నిలిచింది.

ఇంకో సంగతి మీకు చెప్పకపోతే నేను తెలుగు బ్లాగరునే కాను. డిజైనర్లు ఇంగ్లీషు కొలతతో పెట్టె గీసి, తరువాత తెలుగు నింపుతారు. ‘శీతల గిడ్డంగి’లో డకారం కింది ఒత్తు సగానికి తెగుతుంది. ఎక్స్‌పీ రోజుల్లో అక్షరాల బదులు డబ్బాలు చూసి ఏడ్చినవాళ్ళం, మనకిది కొత్త బాధ కాదు. అందుకని ఇప్పుడు కొత్తవారికి నమూనా వాక్యాలు ఇవ్వను. ఇంటిపేరుతో కలిపి తెర పట్టనంత పొడవుండే మా పల్లె పేర్లు ఇస్తాను, ఒత్తులు దండిగా ఉన్నవి ఏరి మరీ. పెట్టెలు వాటంతటవే పెద్దవవుతాయి.

వంద పుటల పత్రం పారేయలేదు. తరువాత చేరినవారు కూడా మొదట ఫోన్లు విన్నాకే దాన్ని తెరుస్తున్నారు, అప్పుడు ప్రశ్నలతో తెరుస్తున్నారు. అందరికీ ఇది పట్టుబడిందని చెప్పను. కొచ్చి అబ్బాయి ఒకడు తెలుగు ఫోన్లు వినలేక అవస్థపడ్డాడు. అతనికోసం హోసూరు అమ్మాయే పక్కన కూర్చుంది, అంటే తెరకు అవతల కూర్చుని మాటమాటా ఇంగ్లీషులో చెప్పింది. అదీ ఎక్కువకాలం సాగే ఏర్పాటు కాదు. ఆమె పని ఆమెకుంది.

ఆమె ఈ మధ్య తెలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. మొన్న నాకు తెలుగులో తొలి సందేశం పంపింది, నాలుగు పంక్తులు. ఒత్తులన్నీ ఉన్నాయి, దీర్ఘాలు మాత్రం రెండుచోట్ల ఎగిరిపోయాయి.