మన కుక్క మంచిదే అనే ముందు

వచ్చే సర్వసభ్య సమావేశంలో పెంపుడు కుక్కల తీర్మానం చర్చకు వస్తోంది. అంతకుముందే మా ఇంట్లోవాళ్లం అనుకుంటున్నది మీ ముందు పెడుతున్నాం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

తమిళనాట స్థిరపడిన తెలుగువాళ్లం మనం. రాజపాళయం పేరెత్తితే నూలు మిల్లులతో పాటు తెల్లకుక్క కూడా గుర్తొస్తుంది. గులాబీ ముక్కు, బంగారు రంగు కళ్లు, సన్నటి నడుము, పొడుగు కాళ్లు. పాళెగాళ్ల కాలం నుంచి అడవిపందుల వేటకు, ఇంటి కాపలాకు పెంచిన కుక్క అని మన పెద్దలు చెబుతారు. 2005లో తపాలా శాఖ దేశీయ కుక్కల మీద నాలుగు స్టాంపులు వేస్తే, ఒకటి దీనికి, ఇంకొకటి కర్ణాటకలోని ముధోల్ కుక్కకు దక్కాయి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దేశీయ జాతులను పెంచుకోమంటూ రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కొంబై పేర్లు చెప్పినప్పుడు మనవాళ్ల సంబరం అంతా ఇంతా కాదు.

మంచి పేరు సంగతి అది. చెడ్డ పేరు సంగతి 2024లో చూశాం. ఆ మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమంది. ఇళ్లలో ఇప్పటికే ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంది. సంబంధం ఉన్నవాళ్లను అడగకుండా తెచ్చారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. మే నెలలో చెన్నై నుంగంబాక్కం పార్కులో రెండు రాట్‌వైలర్లు అయిదేళ్ల పాప మీద పడ్డాయి. ఆ వార్త విన్న ఏ తల్లికీ ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

ఆ వేడిలోనే మన సమావేశంలో ఒక మాట వచ్చింది. విదేశీ జాతి కుక్కలున్న ఇళ్లకు నోటీసు ఇవ్వాలి, మన రాజపాళయానికి మాత్రం మినహాయింపు ఉండాలి అని. చాలామంది చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మళ్లీ చర్చకు వస్తున్నది ఆ మాటే.

ఆ తర్వాత కొన్నాళ్లకు కోయంబత్తూరులో మా వీధిలోనే, మన సంఘం వాళ్ల ఇంట్లోనే ఒకటి జరిగింది. ఇల్లు ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. వాళ్ల తెల్లకుక్క మెట్ల కింద పడుకుని ఉంది. పైవాటాలో అద్దెకున్న వాళ్ల పాప, ఏడేళ్లది, బడినుంచి వచ్చి వెనకనుంచి దాని వీపు నిమిరింది. కుక్క ఒక్క ఉదుటున తిరిగి ముంజేయి పట్టేసింది. మొరగలేదు, గుర్రుమనలేదు. మొరిగే కుక్క కరవదని సామెత చెప్పుకుంటాం గాని, మొరగకుండా కరిచేది కూడా ఉంటుందని ఆ రోజు మేమంతా చూశాం.

మేమే పాపను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. గాయం లోతుగా ఉన్నా డాక్టరు వెంటనే కుట్లు వేయలేదు. కుక్కకాటుకు తొందరపడి కుట్టకూడదన్నారు. గాయం కడిగి, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించి, రేబిస్ టీకా మొదలుపెట్టారు. 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. పాప నాన్న మిల్లులో రోజుకూలీ. నాలుగుసార్లూ కూలి పోయింది.

తర్వాత పశువైద్యుడు వచ్చి ఆ కుక్క వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అది చెవి కూడా కదపలేదు. పుట్టు చెవిటిది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పిలిస్తే రాకపోతే ‘రాజుల కుక్క కదా, దానికి ఆ మాత్రం పొగరుంటుంది’ అని నవ్వుకునేవాళ్లు. జాతికున్న పేరు ఎంత గట్టిదంటే, దాని లోపం కూడా రాజసంలా కనిపించింది.

కారణం ఆ తెల్లరంగులోనే ఉంది. చర్మానికి, వెంట్రుకలకు రంగునిచ్చే కణాలు లోపలి చెవిలోనూ ఉంటాయి. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి దెబ్బతింటుంది. రాజపాళయం పిల్లల్లో చెవుడు అరుదు కాదని పెంచేవాళ్లకు తెలుసు. అయినా మనం మచ్చలేని తెలుపే అడుగుతాం కాబట్టి అలాంటి పిల్లలనే పుట్టిస్తున్నారు. చెవిటి కుక్క చెడ్డది కాదు. నిద్రలో వెనకనుంచి ముట్టుకుంటే బెదిరి కరుస్తుంది, అంతే. తెలిసి ఉంటే ఎదురుగా వచ్చి చేయి చూపించి ముట్టుకోవాలని పాపకు చెప్పేవాళ్లు.

అదే వీధి చివర రిటైరైన ఒకాయన దగ్గర రాట్‌వైలర్ ఉంది. పొద్దున అయిదింటికి, వీధిలో జనం లేనప్పుడు, మూతికి గాలి ఆడే చిక్కం కట్టి, పొట్టి పట్టీతో తనే నడిపిస్తాడు. పనివాళ్ల చేతికి ఇవ్వడు. ఇన్నేళ్లలో దానివల్ల ఎవరికీ గీత కూడా పడలేదు. మన తీర్మానం ప్రకారం నోటీసు వెళ్లేది ఆయనకు, మినహాయింపు దక్కేది ఆ తెల్లకుక్కకు!

జాతికి అర్థమే లేదని మేము అనడం లేదు. బలమైన దవడలున్న పెద్ద కుక్క కరిస్తే చిన్న కుక్క కరిచినట్టు ఉండదు. కాబట్టి దానికి జాగ్రత్త ఎక్కువే కావాలి. కానీ ఒక కుక్క స్వభావం ఎలా ఉంటుందో జాతి పేరు చెప్పేది చాలా తక్కువ. 2022లో ‘సైన్స్’ పత్రికలో 18,000కు పైగా కుక్కల మీద ఒక పరిశోధన వచ్చింది. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతివల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అది తేల్చింది. మన చట్టానికి కూడా జాతి పట్టింపు లేదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద, తన జంతువువల్ల మనుషులకు అపాయం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది కాటు కాదు, ఆ తర్వాత జరిగింది. ‘మనవాళ్ల కుక్క, మనవాళ్ల ఇల్లు, పోలీసుదాకా ఎందుకు’ అని పెద్దలు సర్దేశారు. అద్దెకున్నవాళ్లు ఎదురు చెప్పగలరా? రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. అదే కాటు ఆ రాట్‌వైలర్ వేసి ఉంటే మనం ఊరుకునేవాళ్లమా?

అందుకని తీర్మానంలో ఏ జాతి పేరూ ఉండకూడదని మా మనవి. బదులు ఇవి ఉండాలి. ప్రతి కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఏటా. వీధిలోకి వస్తే పెద్దవాళ్ల చేతిలో పట్టీ, పెద్ద కుక్కకైతే మూతికి చిక్కం కూడా. రోజంతా గొలుసుతో కట్టేయకుండా, అలిసేలా నడిపించడం. తెల్లపిల్లను తెచ్చుకునే ముందు వినికిడి పరీక్ష. కాటు పడితే వెంటనే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లడం. వైద్యం ఖర్చు, పోయిన కూలి కుక్క యజమానే ఇవ్వడం. యజమాని మన సంఘం సభ్యుడైనా, కరిపించుకున్నవాళ్లు కాకపోయినా సరే.

ఆ తెల్లకుక్క ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. చేతి సైగలు నేర్పారు, బాగానే నేర్చుకుంది. మెట్ల దగ్గర కటకటాల తలుపు పెట్టించారు. పాపవాళ్లకు మాత్రం కూలి డబ్బు ఇంకా అందలేదు. సమావేశం లోపల అది అందితే, తీర్మానం గురించి మనం మాట్లాడే మాటకు కాస్త విలువ ఉంటుంది.