పుట్టింటి చిరునామా

మా దేవరాపల్లిలో పెద్దవాళ్లు ఇప్పటికీ అనే మాట ఒకటుంది: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అని. మా అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నర్సింగు పూర్తిచేసి విశాఖపట్నంలో నెలలు నిండని పిల్లల వార్డులో చేరిన కొత్తలో, 34 వారాల బిడ్డ వచ్చిందంటే నాకు ఆ మాటే గుర్తొచ్చి చేతులు వణికేవి. 30 వారాల బిడ్డ వస్తే అంత భయం ఉండేది కాదు. చదువుకున్నది ఒకటి, చెవిలో పడి పెరిగింది ఒకటి.

ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదని తర్వాత తెలిసింది. హిప్పొక్రటీసు పేరుతో వచ్చిన పాత గ్రీకు వైద్య గ్రంథాల్లో ఎనిమిదో నెల శిశువు గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే ఉంది. రెండు వేల ఏళ్ల పైబడిన మాట ఎక్కడి గ్రీసు నుంచో, లేక దానంతటదే పుట్టో, మా శారదా నది ఒడ్డున కూడా నిలిచింది. ఎందుకు నిలిచిందంటే, పుట్టిన బిడ్డల్ని వారాల వారీగా ఎవరూ లెక్కపెట్టి చూడలేదు. లెక్కపెట్టి చూస్తే కడుపులో గడిచే ఒక్కో వారానికీ బతికే అవకాశం పెరుగుతూనే ఉంటుంది. ఎనిమిదో నెలలో అది తగ్గదు. వార్డులో రెండేళ్లు రిజిస్టరు రాశాక గానీ నా చేతి వణుకు పోలేదు.

ఊళ్లో జనం ‘బిడ్డను బాక్సులో పెట్టారు’ అంటారు. ఆ మాట వినగానే ఇల్లంతా ఏడుపు. బాక్సులో ఏం జరుగుతుందో బయట నిలబడ్డ నాయనమ్మకు కనబడదు. 1100 గ్రాముల బిడ్డ, చర్మం కింద నరాలన్నీ కనబడుతుంటాయి, తొడ నా బొటనవేలంత ఉంటుంది. మొదట గొట్టం ద్వారా రెండు గంటలకొకసారి చుక్కల లెక్కన తల్లిపాలు. చప్పరించి మింగడం వచ్చేలోపు ఉగ్గుగిన్నె. అవును, మన ఇళ్లలో అటకెక్కించిన ఆ ముక్కు గిన్నే. పాలసీసా కన్నా అదే మేలని పిల్లల వార్డుల్లో దాన్నే వాడతాం. తల్లులకు అది చేతికిస్తే మొహం వెలుగుతుంది. ఇంత పెద్ద యంత్రాల మధ్య తమకు తెలిసిన వస్తువు ఒకటి కనబడినందుకు.

2020లో ప్రపంచంలో నెలలు నిండకుండా పుట్టినవాళ్లు దాదాపు 1 కోటి 34 లక్షల మంది, అందులో మన దేశంలోనే 30 లక్షల మంది. వీళ్లను బతికించడం ఎలాగో ఒక్కో పరిశోధన ఒక్కో ముక్క చెప్పింది. ముందే పురిటి నొప్పులొచ్చిన తల్లికి ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందని 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు డాక్టర్లు చూపించారు. అలాంటివి చాలా ఉన్నాయి. కానీ నన్ను వార్డు నుంచి, ఇంటికెళ్లిన పిల్లల్ని చూసే ఫాలోఅప్ గదికి మార్చింది ఆక్సిజన్ కథ.

1940ల్లో అమెరికాలో మంచి ఇంక్యుబేటర్లు వచ్చాయి. బిడ్డ నీలంగా ఉంటే ఆక్సిజన్ ధారాళంగా వదిలారు. బిడ్డ ఎర్రబడింది, పాలు తాగింది, ఇంటికెళ్లింది. అందరూ సంతోషించారు. కొన్ని నెలలకు ఆ బిడ్డకు చూపు లేదని తల్లికి తెలిసింది. అలా చూపు పోయిన పిల్లలు 10 వేల మంది వరకు ఉంటారని అంచనా. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ, ఆక్సిజనే కారణం కావచ్చని తన పిల్లల లెక్కలతో చెప్పింది. తర్వాత అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి పరీక్ష చేసి అది నిజమని తేల్చాయి. అప్పుడు ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. చూపు నిలిచింది గానీ ప్రాణాలు పోవడం మొదలైంది. ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్నకు గట్టి సమాధానం కోసం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది వెలువడిన అమెరికా పరీక్షలో రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) 85–89 మధ్య ఉంచిన పిల్లల్లో నూటికి దాదాపు 20 మంది చనిపోతే, 91–95 మధ్య ఉంచినవాళ్లలో 16 మంది చనిపోయారు. బతికినవాళ్లలో తీవ్రమైన కంటి జబ్బు మాత్రం రెండో గుంపులోనే ఎక్కువ, నూటికి 18. మొదటి గుంపులో 9. ఇటు చూపు, అటు ప్రాణం. వార్డులో ఉన్నప్పుడు మేం 90–95 మధ్య ఉంచడానికి రాత్రంతా ఆ అంకెనే చూస్తూ కూర్చునేవాళ్లం. తెర మీద 100 కనబడగానే బిడ్డ తండ్రి ‘నూటికి నూరు వచ్చింది సిస్టరమ్మా’ అని పొంగిపోయేవాడు. నేను వెంటనే ఆక్సిజన్ తగ్గించేదాన్ని. ఎందుకు తగ్గిస్తున్నానో ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్పేదాన్ని.

ఈ కథలో నాకు కొట్టొచ్చినట్టు కనబడిన సంగతి వేరే ఉంది. వార్డు గుమ్మం దాటేసరికి ఆ పిల్లలంతా బాగున్నవాళ్లే. జబ్బు ఇంటి దగ్గర బయటపడింది. ఎవరూ వెనక వెళ్లి చూడకపోతే ఆక్సిజన్ ఇంకా ఎన్నేళ్లు అలాగే ఇచ్చేవాళ్లో.

కాఫీలో ఉండే కెఫీన్ సంగతీ అంతే. నెలలు నిండని బిడ్డ మధ్యమధ్య ఊపిరి తీయడం మరిచిపోతుంది. మేం అరికాలు తట్టి గుర్తు చేస్తాం. ఆ బిడ్డకు కెఫీన్ ఇస్తే ఊపిరి నిలకడగా వస్తుందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. కానీ మెదడుకు మంచో చెడో తెలియదు. 500 నుంచి 1250 గ్రాముల మధ్య పుట్టిన 2,006 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఏడాదిన్నర వయసు దాటేదాకా ఆగి, నడకా మాటా చూసి, 2007లో చెప్పింది: కెఫీన్ తీసుకున్న పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ నూటికి 4.4, తీసుకోనివాళ్లలో 7.3. పిల్లలు ఇంటికెళ్లగానే లెక్క మూసేసి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 29 వారాలకు పుట్టిన ఆడపిల్ల. తల్లిది మా చోడవరం వైపే. 26వ రోజున ఇంటికి పంపారు. ఇలాంటి పిల్లలకు పుట్టిన 30 రోజుల లోపు కంటి వెనక రెటీనా పరీక్ష జరగాలి. కంటి డాక్టరు వచ్చే రోజు ఇంకో నాలుగు రోజులుంది. ‘శుక్రవారం తప్పకుండా తీసుకురామ్మా’ అని చెప్పి, రిజిస్టర్లో ఊరు రాసుకుని, ఫోను నంబరు రాసుకుని పంపాను. శుక్రవారం రాలేదు. ఫోను చేస్తే మోగలేదు. ఆ నంబరు భర్తది, రీచార్జి అయిపోయింది. ఊళ్లో ఆశా కార్యకర్తను కనుక్కుంటే, ‘ఆ పిల్ల అత్తోరింటికి ఎల్లిపోనాది, మావగారు పోయారంట’ అంది. అత్తవారి ఊరు ఏదో ఆమెకూ సరిగ్గా తెలియదు. నేను ఆ వరసలో ‘రాలేదు’ అని రాసి కింది పేరుకు వెళ్లాను.

ఆరో నెలలో వచ్చారు. బిడ్డ లైటు వైపు చూడడం లేదని. అప్పటికే రెటీనా ఊడిపోయింది. సరైన సమయంలో దొరికితే లేజరుతో ఆపగలిగిన జబ్బు అది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ‘నాను పుట్టింటి కాడే ఉండిపోవాల్సింది సిస్టరమ్మా’ అని తనను తాను తిట్టుకుంది.

ఆ రాత్రి రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ‘రాలేదు’ అని ఉన్న పేర్లన్నీ వెతికితే, సగానికి పైగా మొదటి కాన్పు తల్లులు. మనకు మొదటి పురుడు పుట్టింట్లో. ఆసుపత్రికి తీసుకొచ్చేది పుట్టింటివాళ్లు, చిరునామా రాయించేది వాళ్లే. మూడో నెలో ఐదో నెలో మంచి రోజు చూసి బిడ్డను అత్తవారింటికి పంపుతారు. మా కాగితాల్లో ఆ బిడ్డ ఇంకా పుట్టింట్లోనే ఉంటుంది. పైగా పేరు. వార్డులో బిడ్డకు పేరుండదు, చేతి పట్టీ మీద ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు. బారసాల అయ్యాక బిడ్డకో పేరొస్తుంది. ఆ పేరు మా దగ్గర ఉండదు, మా పేరు అక్కడెవరికీ తెలియదు. ఇంత తేలికగా బిడ్డ కళ్లముందే మాయమైపోతుందని నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. నాదీ అదే ఆచారం, నా పెద్ద కొడుకు దేవరాపల్లిలోనే పుట్టాడు. అయినా నాకు తట్టలేదు.

మర్నాడు స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను: అత్తవారి ఊరు, అత్తగారి ఫోను, ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోను. అమ్మమ్మ దగ్గర అడిగితే అన్నీ చెబుతుంది. మేనమామ నంబరుతో సహా. ఇంకో పని కూడా చేశాను. 30 రోజుల లోపు ఇంటికెళ్లే బిడ్డ ఎవరైనా సరే, కంటి పరీక్ష తేదీ తెలుసుకుని అంతవరకూ తల్లితో పాటు ఉంచమని డాక్టరుగారిని బతిమాలడం. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ సుభద్రా జలాలీ బృందం 1990ల చివరి నుంచే, బిడ్డ కంటి డాక్టరు దగ్గరికి రావాలని చూడకుండా, డాక్టరే పిల్లల వార్డులకు వెళ్లే పద్ధతి పెట్టింది. బిడ్డ రాలేదని రాసుకోవడం కాకుండా మనమే వెళ్లాలి. విశాఖలో హనుమంతవాక దగ్గర అదే సంస్థ ఆసుపత్రి 2006 నుంచి ఉంది కాబట్టి మాకు పంపడానికి ఒక దిక్కుంది.

పరిశోధన లెక్కల్లో కూడా ఇదే గండం. తిరిగొచ్చిన పిల్లల్నే లెక్కపెడితే, రాని పిల్లలెవరు? బస్సు లేని ఊరివాళ్లు, కూలి పోతుందని రానివాళ్లు, బిడ్డ నడవడం లేదని సిగ్గుపడి దాచుకున్నవాళ్లు. వాళ్లు లేని లెక్క అందంగా ఉంటుంది, నిజం కాదు. కొలంబియాలో బొగోటా ఆసుపత్రిలో 1970ల చివర్లో డాక్టర్ ఎడ్గార్ రే, డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. అదే కంగారూ మదర్ కేర్. 1990ల్లో దాని మీద జరిగిన పరీక్షలో ఉన్న పిల్లల్ని 20 ఏళ్ల తర్వాత మళ్లీ వెతికారు. బతికున్న 716 మందిలో 494 మంది ఆచూకీ పట్టారు, 441 మంది వచ్చి కూర్చుని పరీక్షలు చేయించుకున్నారు. తల్లి గుండెల మీద పెరిగినవాళ్లు బడి తక్కువ మానారనీ, కోపతాపాలు తక్కువనీ తేలింది. ఆ ఫలితం కన్నా, ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లను వెతికి పట్టుకున్న వాళ్లకు నేను ఎక్కువ దణ్ణం పెడతాను.

కంగారూ పద్ధతి మాకు ఇంకో విధంగానూ మారింది. ఇదివరకు బిడ్డ కుదుటపడ్డాక మాత్రమే తల్లి గుండెల మీద పెట్టేవాళ్లం. 2021లో ఐదు దేశాల పరీక్ష ఫలితం వచ్చింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలు 3,211 మంది. పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద వేసినవాళ్లలో నెల లోపు మరణాలు నూటికి 12, కుదుటపడేదాకా ఆగినవాళ్లలో 15.7. మా నాయనమ్మలు కుంపటి పెట్టి గది వెచ్చచేసేవాళ్లు, పొగ బిడ్డకు. తల్లి ఒంటి వేడి ఉండగా కుంపటి దేనికమ్మా అని ఇప్పుడు అంకెతో సహా చెప్పగలుగుతున్నాను.

సెలవు రోజున ఊరొస్తే రిజిస్టర్లోంచి మా మండలం పేర్లు కాగితం మీద రాసుకొస్తాను. 2022లో జిల్లాలు విడిపోయి మేం అనకాపల్లి జిల్లా అయ్యాం గానీ పేర్లు అవే, దారులు అవే. మొన్న మాఘంలో రైవాడ జలాశయం దాటి కొండవైపు ఒక గూడేనికి వెళ్లాను. ఆశా అక్క ముందు, నేను వెనక. చెరకు నరుకుతున్న రోజులు, ఇళ్లలో మగవాళ్లు లేరు. చూడాల్సింది 30 వారాలకు పుట్టిన ఆడపిల్లను. ఎనిమిదో నెలలో నేను మొదటిసారి చూసినప్పుడు వాళ్ల నాయనమ్మ, ‘పక్కింటి గుంటడు అన్నీ సేసేస్తన్నాడు, మాది ఇంకా కూకోనేదు’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పది వారాలు ముందుగా వచ్చింది కదా, పుట్టిన రోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కెట్టు అప్పా అని వేళ్ల మీద తీసేసి చూపించాను. రెండేళ్లు వచ్చేదాకా ఆ తీసివేత చేయాల్సిందే.

ఇప్పుడా పిల్లకు రెండేళ్లు నిండబోతున్నాయి. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో తయారుచేసిన, పిల్లల ఎదుగుదల చూసే చార్టు నా సంచిలో ఉంటుంది. పదిహేడు పనులు, ఒక పెన్సిలు, ఒక స్కేలు. బిడ్డ వయసు దగ్గర నిలువుగా గీత గీసి, ఆ గీతకు ఎడమవైపున్నవన్నీ చేస్తోందా చూడాలి. గుమ్మం ముందు గుడ్డబొమ్మ పెట్టాను. ముక్కేదే అంటే ముక్కు ముట్టుకుంది. చెవేదే అంటే చెవి. కన్నేదే అంటే బొమ్మను వదిలేసి నా కన్ను వేలితో పొడవబోయింది. గూడెమంతా నవ్వారు. దగ్గర నుంచీ దూరం నుంచీ వేలు గురి తప్పలేదు.

‘ఓలమ్మా, నువ్వు దేవరాపల్లి పిల్లవేనటే, ఎవరి గుంటవి?’ అని ఓ ముసలావిడ అడుగుతుంటే చెబుతూనే కాగితం మీద టిక్కు పెట్టాను. లేవబోతుంటే తల్లి మెల్లగా అంది, వచ్చే నెల తామంతా రాజమండ్రి వైపు ఇటుక బట్టీకి వెళ్తున్నామని. ఎన్నాళ్లు అంటే వానలు పడేదాకా అంది. మేస్త్రీ ఫోను నంబరు ఎవరి దగ్గరుందో కనుక్కోమన్నాను. కాగితం మీద పుట్టింటికి ఒక గడి, అత్తింటికి ఒక గడి ఉన్నాయి. మేస్త్రీ నంబరు అంచున, అడ్డంగా తిప్పి రాసుకున్నాను.