మన ఆవరణములోని వయ్యారిభామ



మన పల్లెలలో వయ్యారిభామను ఎరుగనివారు లేరు. కొందరు దానిని కాంగ్రెస్ గడ్డి యందురు. తొలకరి వానలు పడగానే బాటల ప్రక్కను, పెరటిలోను, మందిరపు గోడల వెంబడిని అది లేచును. ఇది మన నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండములోని ఉష్ణప్రాంతములు దాని స్వస్థలము. 1955లో పూనాలో దీనిని గుర్తించిరి. విదేశపు గోధుమలతో కలిసి వచ్చినదని పలువురు చెప్పుదురు.

లేతగా నున్నప్పుడు దాని ఆకులు నేలకు అంటుకొని గుండ్రముగా పరచుకొనును. చామంతి ఆకులవలె లోతుగా చీలియుండును. పిమ్మట కాడ లేచి నడుమెత్తు పెరిగి, మెతుకులవంటి చిన్న తెల్లని పువ్వులు గుత్తులుగా పూయును. గడ్డి చామంతిని చూచి ఇదే యనుకొనవద్దు. అది నేలమీద ప్రాకును; పొడవైన కాడకు ఒక్కటే పువ్వు, నడుమ పసుపు. దాని పసరును మన పెద్దలు గాయములకు వేసెడివారు.

వయ్యారిభామ పేరు సొగసైనది గాని దాని పని అట్టిది కాదు. తాకిన కొందరికి దద్దురులు లేచును. పుప్పొడి పీల్చిన కొందరికి ఆయాసము కలుగును. పశువులు మేసినయెడల పాలు చేదెక్కును.

మా సంఘములో ఒక వృద్ధురాలు ఒక యేడు వానకాలమంతయు ఆరాధనకు రాలేదు. నేను చూడబోయినప్పుడు, “అయ్యగారూ, దేవుని యింటికి రావలెననియే ఉన్నది. గుమ్మము దగ్గరకు వచ్చుసరికి ఊపిరి ఆడదు” అని కన్నీరు పెట్టుకొనెను. ఆ పుప్పొడియే కారణమని వైద్యుడు చెప్పెను. ఆ వారమే యౌవనులు ఆవరణమంతయు శుభ్రము చేసిరి. మన స్థలములో పెరిగిన కలుపు మరియొకరి ఊపిరిని ఆపగలదు! చేదైన వేరు ఒకటి మొలచి అనేకులను చెరుపునని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12:15 హెచ్చరించుట ఇందుకే గదా.

ఆనాడు పని చేయుచున్న ఒక పిల్లవాడు నన్నడిగెను: “మత్తయి 13లో యజమానుడు గురుగులను కోతవరకు పెరగనిమ్మనెను గదా, మనమెందుకు పెరుకుచున్నాము?” మంచి ప్రశ్న. ఆ ఉపమానములో పొలము లోకము, గురుగులు మనుష్యులు. గురుగు వెన్ను తీయువరకు గోధుమను పోలియుండును గనుక, దాసులు తొందరపడినయెడల గోధుమయు పోవును. మనుష్యులను పెరికివేయు అధికారము ప్రభువు మనకియ్యలేదు. అయితే మన హృదయము మనకప్పగింపబడిన ఆవరణము. పొరుగువాని తప్పును పెరుకుటకు పరుగెత్తి, మన పగకు నీళ్లు పోయుచుందుమా?

పెరుకు విధము తెలిసికొనుడి. వాన కురిసి నేల మెత్తబడినప్పుడు, పూతకు రాకముందే, వేరుతో లాగవలెను. పైన కోసినయెడల మొదటినుండి మరల చిగుర్చును. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండవలెను. పూయని మొక్కలను ఎరువు గుంటలో వేయవచ్చును. గింజ పట్టినవాటిని వేయరాదు. మొలచిన నెల, నెలన్నరకే అది పూతకు వచ్చును. ఒక్క మొక్క 10,000కు పైగా విత్తనములు రాల్చగలదు. అవి నేలలో ఏండ్ల తరబడి బ్రతికియుండును. కాబట్టి ఒక్క దినపు పనితో తీరదు. ప్రతి వానకు మరల చూడవలెను. కోపము మాటగా పూయకముందే, ఆ మాట ఊరంతయు రాలకముందే, మోకాళ్లమీద దానిని పెరుకుట సులువు.

పెరికిన చోటును బోడిగా విడువరాదు. తగిరిస గాని బంతి గాని చల్లినయెడల అవి గుబురుగా పెరిగి కలుపును అణచును. ఊడ్చి అమర్చిన ఖాళీ యింటికి వెడలిపోయిన అపవిత్రాత్మ మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చిన సంగతి లూకా 11లో చదువుచున్నాము. పగ తీసిన హృదయములో ప్రేమను విత్తుడి. మాటలాడని సహోదరుని యింటికి ఈ వారమే వెళ్లుడి.

ప్రభువా, మా ఆవరణములో మొలచినదానిని మాకు చూపుము. పూయకముందే పెరుకుటకు బలమిమ్ము. ఆమెన్.