గోనెపట్టా కట్టిన రాజ్‌దూత్

ఎనభైలలో మహేశ్వరానికి కోడి కూత కన్నా ముందు పాలబండ్ల చప్పుడు వినబడేది. క్యాన్లు ఇరుపక్కలా వేలాడేసుకుని తుక్కుగూడ, పహాడీషరీఫ్ మీదుగా చాంద్రాయణగుట్ట వైపు పోయే బండ్లు. మా నాయినది రాజ్‌దూత్. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయించుకునే బండి. వాకిట్లో కిక్కు కొడితే లేచే నీలిపొగ వాసన నాకు పాల వాసనతో కలిసే గుర్తుంది.

చలికాలంలో మోకాళ్లకు గాలి తగలకుండా ముందు క్రాష్‌గార్డుకు గోనెపట్టా కట్టేవాడు నాయిన. ఊళ్లో పాలవాళ్లు చాలామంది కట్టేవాళ్లు. ఒక ఏడాది సంక్రాంతి పోయింది, చలి శివశివా అనుకుంటూ పోయింది, గోనెపట్టా మాత్రం పోలేదు. ఎవరికీ అది కంటికి ఆనలేదు కూడా.

శివరాత్రి నాడు రాజరాజేశ్వరస్వామి గుడి దారంతా జనమే. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, మొదటి గేరులో క్లచ్ పట్టి వదులుతూ ఇంచించు జరిపాడు. కొంతసేపటికి బండి గుంజడం మానేసింది. రేజ్ ఇస్తే చప్పుడు తప్ప చలనం లేదు. ఆయిల్ మాడిన కమురు వాసన, నా పిక్కలకు సెగ. దిగి, తోసుకుంటూ బస్టాండు పక్కనున్న మెకానిక్ చాచా దగ్గరికి తెచ్చాం.

“చాచా, ఇంజన్ కాలిపోతున్నది” అంటూ నాయిన చెంబుతో నీళ్లు ఎత్తాడు.

“పొయ్యకన్నా, పగుల్తది!” అని చాచా చెంబు గుంజుకున్నాడు. “ఇంజన్ అన్నంక కాలదా? ఎంత కాలుతున్నదో చూడాలె.”

వేళ్లు తడుపుకుని హెడ్ మీద రెండు చుక్కలు చిలకరించాడు. దోసె పెనం చూసినట్టే. చుక్క సుయ్‌మని అక్కడికక్కడే ఆరితే మామూలు వేడి. ఆ రోజు చుక్కలు గుండ్రంగా గోలీలై గెంతి కిందికి జారాయి. లోహం రెండు వందల డిగ్రీలు దాటితే నీరు తన ఆవిరి మీదే తేలుతుందని పెద్దయ్యాక చదివాను. చాచా చదవలేదు, ఆయనకు ఆ అవసరమూ రాలేదు.

చాచా నోరు మెదపకుండా కత్తెర తీసి గోనెపట్టా తాళ్లు కోశాడు. అంతే రిపేరు.

ఇంజన్లో మండిన పెట్రోలు వేడిలో సుమారు నాలుగో వంతే చక్రానికి పనికొస్తుంది. మిగతాదంతా సైలెన్సర్ నుంచీ ఇంజన్ ఒంటి నుంచీ బయటికి పోవాలి. సిలిండర్ చుట్టూ ఆ రెక్కలున్నది గాలికి ఎక్కువ చోటు దొరకాలనే. ఆ బండికి ఫ్యాన్ లేదు, నీళ్లు లేవు, ఎదురుగాలే దిక్కు. తెల్లవారుజామున చల్లగాలిలో వేగంగా పోతున్నన్నాళ్లూ గోనెపట్టా ఉన్నా నెట్టుకొచ్చింది. జనంలో నత్తనడక, పైన ఎండ, ముందు పట్టా అడ్డం కలిసేసరికి వేడికి దారి మూసుకుపోయింది. ఇంకాస్త లాగి ఉంటే పిస్టన్ జామయ్యేది. అల్యూమినియం పిస్టన్, అదే వేడికి పోత ఇనుము సిలిండర్ కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. మధ్యనున్న సందు కాస్తా పోతే ఇక కదలదు.

ఆ వానాకాలం నుంచి రెక్కల సందుల్లో ఎండిన ఎర్రమట్టిని ఈత పుల్లతో గీకడం నా వంతు అయింది. అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు, హోంవర్కు ఎగ్గొట్టడానికి అదొక సాకు కూడా.

ఇప్పుడు మా మేనల్లుడి బండికి రేడియేటర్, మీటర్లో ఉష్ణోగ్రత గీతలు. మొన్న తుక్కుగూడ సిగ్నల్ దగ్గర నుంచి ఫోన్ చేశాడు: “మామా, బండి ఆగంగనే ఫ్యాన్ బర్రుమని తిరుగుతున్నది, ఖరాబైందా?” అసలు ఆ తరహా బండ్లలో నీళ్లు ఎనభై, వంద డిగ్రీల మధ్య ఉండడమే ఆరోగ్యం. మూత బిగుతుగా ఒత్తిడిలో ఉంచుతుంది గనుక వంద దాటినా వెంటనే మరగవు. గాలి తగలని చోట వేడి పెరిగితే ఫ్యాన్ దానంతటదే అందుకుంటుంది, బండి ఆపేశాక కూడా కొన్నిట్లో కాసేపు తిరుగుతుంది.

“తిరగనీ, అది దాని పని” అన్నాను. “ఎర్ర లైటు వెలిగితే, ఫ్యాన్ తిరుగుతున్నా సరే, అప్పుడు ఆపు. మూత మాత్రం వేడి మీద విప్పకు, మొహం కాలుతది.”